నీళ్ళు తాగడానికి పోయిన రైలు

ఆదివారం పొద్దున హజరత్ వలి వాకిట్లో నులక మంచం వాల్చుకొని, దాని మీద రైల్వే టైంటేబిలు పరుచుకొని ప్రయాణం సిద్ధం చేస్తున్నాడు. కర్నూలు కలెక్టరు కచ్చేరిలో ఇరవై ఆరేళ్ళు బంట్రోతుల మీద దఫేదారుగా పనిచేసి, ఆ ఏడే, అంటే పందొమ్మిది వందల ముప్పై ఆరులో, పింఛను పుచ్చుకున్న మనిషి. దొర క్యాంపుకు బయల్దేరినప్పుడల్లా పెట్టెలు, పరుపులు, బొగ్గుల ఇస్త్రీపెట్టె, దొరసాని కుక్క, అన్నింటినీ రైలెక్కించి, ఆఖరున కదిలే బండిలోకి తను దూకడమే ఆయన ఎరిగిన ప్రయాణం. ఇన్నేళ్ళలో దొర ఎక్కవలసిన రైలు ఒక్కటీ తప్పిపోలేదు. అలాగని వలి తీరిగ్గా చూసిన ఊరూ ఒక్కటి లేదు.

"ఈ తూరి తొందర అనే మాటే లేదు మే," అన్నాడు భార్య షంషాద్ బీతో. "రేపు పొద్దున ఈడ ఎక్కుతాం. ద్రోణాచలంలో మీ చెల్లెలింట్లో రెండు దినాలు. గుంతకల్లులో ఏసురాజు దగ్గర రెండు. ఎర్రగుంట్లలో రామలింగప్ప దగ్గర రెండు. ఆడనుంచి రాజంపేటకు పోయి మా అన్న దగ్గర అయిదు దినాలు. ప్రతి టేసనుకూ గంట ముందే పోయి, కాళ్ళు జాపుకొని కూసుంటాం."

"మీ అన్న గడప తొక్కనిస్తే గదా," అంది షంషాద్ బీ, ట్రంకు పెట్టెలో చీరలు కుక్కుతూ.

ఆ ప్రయాణమంతా ఆ గడప కోసమే. తొమ్మిదేళ్ళ కిందట రాజంపేటలో అన్న దాదా ఖలందర్ కూతురి పెళ్ళికి పోయాడు. విస్తరి ముందు కూర్చుని రెండు ముద్దలు తిన్నాడో లేదో, దొర బండిని కడపలో అందుకోవాలన్న సంగతి గుర్తొచ్చి చెయ్యి కడుక్కొని పరుగెత్తాడు. పిల్లను అత్తవారింటికి పంపే వేళకు చిన్నాయన లేడు. ఖలందర్ ఆ సంగతి మరిచిపోలేదు. "నీకు తీరిక దొరికినప్పుడు రా, అందాక రావద్దు," అని కబురు పెట్టాడు. ఆనాటి నుంచి అన్నదమ్ముల మధ్య మాటలు లేవు. పది రోజుల కిందట వలి నాలుగు ఊళ్ళకూ నాలుగు కార్డులు రాసినప్పుడు, అన్నకు రాసిన కార్డులో "తీరిగ్గా వస్తున్నాము" అన్నచోట మొదటి మాట కిందే రెండు గీతలు గీశాడు.

సోమవారం పొద్దున వీధి వీధంతా వాళ్ళను సాగనంపింది. స్టేషనుకు గంటన్నర ముందే చేరారు. సికింద్రాబాదు వైపు నుంచి బండి వచ్చి ఆగింది. వలి నింపాదిగా ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, తినుబండారాల గంప లోపల సర్ది, భార్యను చెయ్యి పట్టి కిందికి దింపాడు.

"ఎక్కినంక మళ్ళా దిగేదెందుకయ్యా?"

"టీ తాగుదాం రా. ఈడ ఇంజను నీళ్ళు తాగుతాది. ఇరవై నిమిషాలు పడతాది. ఇరవై ఆరేండ్లు దొర వెనక పరిగెత్తినా. ఈ పొద్దు దొర మాదిరి కూసోని తాగుతా."

బెంచీ మీద ఆయన పక్కన వెల్దుర్తికి పోవలసిన బసవన్న అనే రైతు కూర్చున్నాడు. వలి అతనికి కూడా తొందరపడకుండా ప్రయాణం చేయడం ఎలాగో వివరిస్తూ ఉండగా గంట కొట్టారు. బండి కదిలింది.

"రైలు పోతాందప్పా," అన్నాడు బసవన్న, సగం లేచి.

"కూసో. ఇంజను నీళ్ళు తాగేదానికి పోతాంది."

"పెట్టెలన్నీ తగిలించుకొనే పోతాది గదప్పా?"

"ఒక్కోతూరి అట్లనే పోతాది. విప్పేది, మళ్ళా తగిలించేది ఎవరికి పని?"

దఫేదారు గొంతులో అనుమానం లేకపోయేసరికి బసవన్న కూర్చున్నాడు. చివరి పెట్టె వాళ్ళ ముందు నుంచే పోయింది. అందులో నిలబడి పచ్చజెండా ఊపుతున్న గార్డు పాత పరిచయం కొద్దీ వలికి సలాం పెట్టాడు. వలి కూడా టీ గ్లాసు ఎడమ చేతిలోకి మార్చుకొని సలాం పెట్టాడు. రైలు మలుపు తిరిగింది. పొగ కనబడకుండా పోయింది. ప్లాట్‌ఫారం మీద ఈగల చప్పుడు వినిపించసాగింది.

"ఎంతసేపు తాగుతాదప్పా?" అన్నాడు బసవన్న కాసేపటికి.

ఆ నెల మొదటి తారీఖు నుంచి ఇంజన్లు కర్నూల్లో కాక ద్రోణాచలంలోనే నీళ్ళు పట్టుకుంటున్నాయి. కచ్చేరిలో ఉండి ఉంటే ఆ సంగతి మొదట తెలిసేది వలికే. పింఛను తీసుకున్నవాళ్ళకు ఎవరూ చెప్పరు.

"నువ్వు జెప్పినావనే గదప్పా నేను కూసున్న్యా," అని బసవన్న తుండు దులుపుకొని లేచాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే వలికి కొంత తేలికగా ఉండేది. అతను వెళ్ళిపోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

షంషాద్ బీ చేతులు కట్టుకొని నిలబడింది. "మనం ఈడుండాం. పెట్టె ఆడికి పోతాంది. ఇప్పుడు జెప్పు, తొందర పడదామా వద్దా?"

మరుసటి బండి మరునాడే. ద్రోణాచలానికి తంతి ఇవ్వక తప్పదు. తంతి గుమాస్తా వలిని క్యాంపు రోజుల నుంచీ ఎరిగినవాడు. కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఏం దఫేదారూ, దొర రైళ్ళన్నీ పట్టినావు, నీ రైలు నువ్వే ఇడిచిపెట్టినావా?" అని నవ్వబోయాడు.

వలి చెవులు వేడెక్కాయి. గుమాస్తా సాయంత్రానికి స్టేషనంతా చెబుతాడు. రేపటికి కచ్చేరిలో తెలుస్తుంది. ఇరవై ఆరేళ్ళ పేరు ఒక్క గ్లాసు టీతో పోతుంది. "ఇడిచిపెట్టలేదు స్వామీ," అన్నాడు, ఎటో చూస్తూ. "మా ఇంటామెకు ఉన్నట్టుండి కళ్ళు తిరిగినాయి."

షంషాద్ బీ నోరు తెరిచింది. వలి ఆమె వంక చూసిన చూపు దొర ముందు తప్పు చేసి నిలబడ్డ బంట్రోతు చూపు. ఆమె నోరు మూసుకుంది.

గుమాస్తా మంచివాడు. నవ్వు మానేసి, "అయ్యయ్యో," అని కలం తీసుకున్నాడు. ఇంగ్లీషులో ఆయన రాసిన దానికి అర్థం ఇది: భార్య ప్లాట్‌ఫారం మీద పడిపోయింది, రేపు వస్తాము, బంధువులందరికీ తెలియజేయవలెను. ఆ చివరి మాట వలి అడగలేదు. గుమాస్తా దయతో చేర్చాడు.

ఆ రోజు ఇద్దరూ సందు దారిన ఇల్లు చేరి, తలుపు వేసుకొని కూర్చున్నారు. పొద్దున అంత ఘనంగా సాగనంపిన వీధికి ఏ ముఖం చూపించాలో వలికి తెలియలేదు. పొగ కనబడుతుందని పొయ్యి వెలిగించలేదు. షంషాద్ బీ డబ్బాలో మిగిలిన బొరుగులు తింటూ, ప్రతి గుప్పెడుకూ ఆయన వైపు ఒకసారి చూసింది.

మరునాడు పొద్దున బండి వచ్చాక వలి టీ వైపు చూడలేదు. ఎక్కి, కూర్చుని, బండి వెల్దుర్తి దాటేదాకా కిటికీ చువ్వ వదల్లేదు.

ద్రోణాచలంలో షంషాద్ బీ చెల్లెలు అబీదా బీ ట్రంకు పెట్టె మీద కూర్చుని ఏడుస్తూ కనిపించింది. ముందురోజు రైలు వచ్చినప్పుడు అక్కకూ బావకూ ఎదురొచ్చింది. లోపల అక్క పెట్టె ఉంది, గంప ఉంది, మనుషులు లేరు. ఆ గాబరా తగ్గకముందే స్టేషను మాస్టరు పిలిచి తంతి చదివి వినిపించాడు.

"అక్కా, యాడ పడ్డావే? తలకు తగిలిందా?"

"ఏమీ లేదు పాపా, బాగుండా," అంది షంషాద్ బీ.

"చూడు బావా, ఎట్ల ధైర్యం జెప్తాందో," అని అబీదా ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఇంట్లో వాళ్ళ కోసం పొట్టేలు మాంసం, అలసంద వడలు, నేతి బొబ్బట్లు సిద్ధంగా ఉన్నాయి. అవన్నీ వలికి వడ్డించారు. షంషాద్ బీకి మాత్రం పలచని రాగి జావ, శొంఠి కషాయం ఇచ్చి, ఆ ఉక్కలో రగ్గు కప్పి పడుకోబెట్టారు. వలికి ముద్ద దిగలేదు. వద్దంటే అబీదా, "నువ్వు గూడా పడిపోతే ఎట్ల బావా, తిను," అని మళ్ళీ వడ్డించింది. గోడ పక్క మంచం మీద నుంచి రెండు కళ్ళు ప్రతి ముక్కనూ లెక్క పెడుతున్నాయి. తొమ్మిదేళ్ళ కిందట అన్న ఇంట్లో విస్తరి ముందు నుంచి లేచిపోయినందుకు ఈ విస్తరి ముందు కూర్చోవలసి వచ్చిందని వలి అనుకున్నాడు.

అబీదా బావి దగ్గరికి పోగానే షంషాద్ బీ రగ్గు తోసేసింది. "నేను జెప్పేస్తా."

"గుంతకల్లు దాకా ఓర్చుకో మే. ఆడ దిగంగానే తగ్గిపోయిందని చెబుదాం. నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళొద్దు. ఒక వడ తెచ్చియ్యి."

వలి వడ తెస్తుండగా అబీదా తిరిగి వచ్చింది. ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు. ఆయన జుబ్బాకు ఆ నూనె మరక తర్వాత చాలా కాలం ఉంది.

రెండు రోజులు ఉండవలసిన చోట ఒక్క రోజు కూడా ఉండనివ్వలేదు. కడపలో మంచి డాక్టరు ఉన్నాడని, తొందరగా తీసుకుపోవాలని ఇరుగుపొరుగంతా తేల్చారు. తోడుగా అబీదా బయల్దేరింది. ముందుగా గార్డు చేత గుంతకల్లుకు కబురు కూడా పంపింది.

గుంతకల్లు ఇంజన్ల షెడ్డులో ఫిట్టరు ఏసురాజు వలికి క్యాంపు రోజుల స్నేహితుడు. బండి ఆగేసరికి అతను, భార్య విశ్వాసమ్మ, ఇద్దరు కూలీలు, సామాన్లు తోసే నాలుగు చక్రాల బండితో సిద్ధంగా ఉన్నారు. బండి మీద పరుపు పరిచి ఉంది.

"నాకు తగ్గిపోయింది. నడుస్తా," అంది షంషాద్ బీ.

విశ్వాసమ్మ భర్త చెవిలో, వలికి వినబడేలా, "రోగం ముదిరినోళ్ళు అట్లనే అంటారు," అంది. నలుగురూ కలిసి షంషాద్ బీని ఎత్తి పరుపు మీద పడుకోబెట్టారు. గుంతకల్లు ప్లాట్‌ఫారం పొడవు తక్కువ కాదు. ఆ పొడవంతా బండి కిర్రు కిర్రుమంటూ పోతుంటే, బొంబాయి పోయేవాళ్ళు, మద్రాసు పోయేవాళ్ళు, బెజవాడ పోయేవాళ్ళు దారి ఇచ్చి, టోపీలు తీసి, అయ్యో పాపమన్నారు. వలి పక్కన నడిచాడు. ఒక ముసలాయన ఆయన భుజం తట్టి, "ధైర్యంగా ఉండప్పా," అన్నాడు. నేల చీలితే బాగుండునని వలికి అనిపించింది. చీలకపోగా, ఏసురాజు ఆ బండిని అడ్డదారిన కాకుండా అందరికీ కనబడేలా తోశాడు, దారి సాఫీగా ఉంటుందని.

విశ్వాసమ్మ ఇంట్లో ప్రార్థన చేసింది. వలి తల వంచుకొని, ఆ ప్రార్థనలో తన పేరు కూడా రావడం విని, తల ఇంకా వంచాడు. ఏసురాజు పనికి సెలవు పెట్టి వచ్చాడు. "నీ కష్టంలో రాకుంటే ఇంకెప్పుడు వస్తా వలన్నా?" అన్నాడు. ఆ మాట విన్నాక నిజం చెప్పడం మరీ కష్టమైంది. అబద్ధం చెప్పినది తంతి గుమాస్తాకు. ఇప్పుడు సిగ్గుపడవలసింది ఏసురాజు ముందు.

గురువారం పొద్దున ఐదుగురూ మద్రాసు వైపు బండి ఎక్కారు. ముందురోజు రాత్రి బండికే ఏసురాజు ఎర్రగుంట్లలో రామలింగప్పకు గార్డు ద్వారా చెప్పి పంపాడు: షంషాద్ బీని మోసుకొని తెస్తున్నాము, నలుగురు మనుషులతో స్టేషనుకు రావలెను.

రామలింగప్ప నేతపని చేసేవాడు. ఇంట్లోనే నాలుగు మగ్గాలు ఆడించేవాడు. ఒకప్పుడు కచ్చేరి బంట్రోతులకు తలపాగా గుడ్డ నేసి ఇచ్చి, వలికి దగ్గరైనవాడు. బండి ఎర్రగుంట్లలో ఆగినప్పుడు అతను ప్లాట్‌ఫారం మీద నలుగురు మనుషులతో, తలగుడ్డ తీసి, కళ్ళు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. చేతుల మీద మడత విప్పని తెల్లని కొత్త బట్ట ఉంది.

రైలు పెట్టెలోంచి మొదట షంషాద్ బీ దిగింది.

రామలింగప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. వెనకున్న నలుగురిలో ఒకడు అటే పోయాడు, మళ్ళీ రాలేదు.

"ఎవరికప్పా ఆ బట్ట?" అంది షంషాద్ బీ.

రామలింగప్ప చేతుల్లోని బట్ట వంక చూశాడు. "మోసుకొస్తాండారని... నలుగురు కావాలని... నా చేత్తో నేసిందమ్మా. ఆఖరుకు ఇదైనా నా చేతి బట్ట కప్పుదామని..."

ఆమె బట్ట అందుకొని, అంచు పట్టి చూసి, మడత తన చంకలో పెట్టుకుంది. "మంచి నేత. రెండు దుప్పట్లయితాయి," అని, మొగుడి వైపు తిరిగి, "ఇప్పుడు నువ్వు జెప్తావా, నేను జెప్పల్లా?" అంది.

వలి అందరి ముఖాలూ చూశాడు. కళ్ళు వాచిన మరదలు, సెలవు పెట్టి వచ్చిన స్నేహితుడు, ప్రార్థన చేసిన ఆమె, తన చేతి బట్ట తెచ్చిన సాలె మనిషి. "ఆమెకేమీ కాలేదు," అన్నాడు. "టీ తాగుతా కూసోని, రైలు నీళ్ళు తాగేదానికి పోయిందనుకున్న్యా. మళ్ళా వస్తాదని కాచుకున్న్యా. సిగ్గయి అబద్ధం జెప్పినా."

ముందుగా అబీదా తేరుకుంది. "అంటే అక్కకు ఆ జావ..."

"రెండు చెంబులు," అంది షంషాద్ బీ.

ఏసురాజు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. వలికి ఆ నవ్వు తిట్టుకంటే ఎక్కువ తగిలింది. కానీ రామలింగప్ప నవ్వలేదు. "సాయిబూ, మరి మీ అన్న సంగతి ఏమి?" అన్నాడు.

"మా అన్నకేమి?"

"ఈ పొద్దు పొద్దున్నే గుంతకల్లు పోయే బండిలో కనపడ్డాడు. కిటికీ పక్కన కూసోని, తుండు మొహానికి అడ్డం పెట్టుకోని, కండ్లు ఎర్రగా ఏడుస్తా ఉండాడు. 'షంషాద్ బీ సంగతి విన్యా, శానా ఘోరం' అని అరిచినా. చెయ్యి ఊపినాడు. యాడికని అడిగితే కర్నూలు అన్నట్టు వినపడింది."

తొమ్మిదేళ్ళు తన గడప వైపు చూడని అన్న, మరదలు పోయిందనుకొని ఏడుస్తూ కర్నూలు పోతున్నాడు. అక్కడ తలుపుకు తాళం ఉంటుంది. అంతలో అవతలి ప్లాట్‌ఫారం మీదికి గుంతకల్లు బండి వస్తోంది.

"పదండి!" అని కేకపెట్టాడు.

అందరికంటే ముందు పరుగెత్తింది షంషాద్ బీ. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకొని, తెల్లబట్ట చంకన పెట్టుకొని, పట్టాలు దాటి, ఎక్కి కూర్చుని చెయ్యి చాపింది. ఆమెను మోయడానికి వచ్చిన ముగ్గురు మనుషులు నోళ్ళు తెరుచుకొని చూశారు. కబురు నమ్మిన తప్పు తనదేనని రామలింగప్ప కూడా బండెక్కాడు. కదులుతున్న బండిలోకి ఆఖరున వలి దూకాడు.

శుక్రవారం పొద్దున కర్నూల్లో తమ వీధి మలుపు తిరిగేసరికి, ఇంటి అరుగు మీద దాదా ఖలందర్ కూర్చుని ఉన్నాడు. పక్కింటి సుబ్బలక్ష్మమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతున్నాడు. గడ్డం బాగా నెరిసింది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

వలి జోళ్ళు వీధిలోనే వదిలి, అన్న కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. అన్న నోరు తెరవకముందే మొత్తం చెప్పేశాడు. టీ సంగతి, ఇంజను సంగతి, గార్డుకు తను పెట్టిన సలాం, తంతి, జావ, నాలుగు చక్రాల బండి, తెల్లబట్ట, ఒక్కటి కూడా దాచలేదు. వీధిలో వాళ్ళు గడపల్లోకి వచ్చి విన్నారు. బసవన్న అనే రైతును కూడా కూర్చోబెట్టానని చెప్పి, తల నేలకు ఆనించాడు. "నిన్ను అంత దూరం ఏడిపించినా అన్నా. నన్ను ఏమన్నా అను."

ఖలందర్ మజ్జిగ లోటా కింద పెట్టాడు. "ఏం తంతి రా?"

"షంషాదు పడిపోయిందని..."

"నాకు యా తంతీ రాలేదు."

"మరి ఏడుస్తా ఉండావని రామలింగప్ప..."

"కంట్లో బొగ్గు పడింది," అన్నాడు ఖలందర్. "ఆ మనిషి కిటికీ కాడ ఏందో అరిచినాడు. బాగుండావా అంటాండాడనుకొని చెయ్యూపినా."

వలి తలెత్తాడు. వీధి అంతా వింటోంది. దాచవలసిన సంగతి తెలియని మనిషి ఈ వీధిలో ఇక ఎవరూ లేరు.

"అట్లయితే ఎందుకొస్తివి?" అంది షంషాద్ బీ.

ఖలందర్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడం వలికి బాగా తెలుసు. తనూ అలాగే తిప్పుకుంటాడు. "పోయిన వారం వానకు మా మిద్దె కూలిపోయింది. మూడు అంకణాల ఇంటికీ కప్పంటే ఆకాశమే. వీడేమో అయిదు దినాలు ఉంటానని రాసినాడు, కింద గీతలు గీసి. యాడ పండబెట్టాల? రావద్దని కార్డు రాద్దామంటే, ఇంకో తొమ్మిదేండ్లు నా మొగం చూడడు. ఇంకా బయల్దేరి ఉండడనుకొని, నోటితో చెబుదామని నేనే వచ్చినా." నెమ్మదిగా అన్నాడు, "కూలిన ఇంట్లోకి తమ్మున్ని పిలిచేదానికి సిగ్గయింది రా."

వలి లేచాడు. తాళం తీశాడు. షంషాద్ బీ లోపలికి పోయి, ఎవరినీ అడగకుండా, మధ్యాహ్నానికి పొట్టేలు మాంసం పెద్ద గిన్నెలో పొయ్యి మీద పెట్టింది. వడ్డించేటప్పుడు మొదటి విస్తరి తనే వేసుకుంది. ఎవరూ తప్పు పట్టలేదు. ఖలందర్ తిన్నంతసేపూ వలి ఎదురుగా కూర్చుని, అన్న లేచేదాకా తనూ లేవలేదు.

అబీదా, ఏసురాజు దంపతులు, రామలింగప్ప మూడు రోజులుండి ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోయారు. ఖలందర్ మాత్రం ఒక్క మాట చెప్పి పోదామని వచ్చి పన్నెండు రోజులున్నాడు. ఆ పన్నెండు రోజులూ రాజంపేటలో మిద్దెకు పైకప్పు లేదన్న సంగతి అన్నదమ్ములిద్దరిలో ఏ ఒక్కరికీ గుర్తు రాలేదు.